తాళము తీసిన నాటికి

మా యింటి బీరువా అడుగు సొరుగున, కాలము చెల్లిన గ్యాసు పుస్తకమునకును తాళములు పోయి మిగిలిన తాళపుచెవుల గుత్తికిని నడుమ, ఒక నోకియా 6600 పడియున్నది. కోడిగ్రుడ్డును నిలువున కోసి అంచులు నున్నచేసినట్లుండు దాని ఆకృతిని 2003, 2004 ప్రాంతముల ఫోను కొనగలిగిన వారెవరును మరచియుండరు. కొనలేక అంగడి అద్దమునకు ముక్కానించి చూచినవారు అసలే మరచియుండరు. నేను మొదట రెండవ తెగకు చెంది, కొంతకాలమునకు సెకండుహాండు సరకు పుణ్యమున మొదటి తెగలో చేరినవాడను. తెర వెలుగగానే రెండు చేతులు ఒకదానినొకటి అందుకొను బొమ్మ అందరికిని జ్ఞాపకమే గాని, ఆ చేతుల వెనుకనుండి పని నడిపిన ఆపరేటింగ్ సిస్టమ్ పేరు కొన్నవారిలో ఎందరికి తెలియునో సందేహమే. దాని పేరు సింబియన్. ఒకనాడు లోకమున అమ్ముడుపోయిన స్మార్టు ఫోనులలో సగమునకు పైగా దాని యేలుబడిలో నుండెను. 2010 ఫిబ్రవరి 4వ తేదీన, సుమారు నాలుగు కోట్ల పంక్తుల దాని సోర్సు కోడును, ఎవరైనను ఉచితముగా తీసికొని, చదువుకొని, మార్చుకొని వాడుకొనునట్లు లోకమునకు ధారపోసిరి. సాఫ్టువేరు చరిత్రలో ఇంత పెద్ద సొత్తు ఓపెన్ సోర్సుగా మారుట మున్నెన్నడును లేదని ఆనాడు చాటింపు వేసిరి. పదకొండు నెలలైనను తిరుగకుండ ఆ సత్రమును మూసివేసిరి.

ఇచ్చినవాడు ఇచ్చినదానిని పది నెలలకే ఏల ముడిచికొనెను? పుచ్చుకొనుటకు జనమేల రాలేదు? ఈ ప్రశ్నలకు ప్రత్యుత్తరము 2010లో లేదు. దానికి ముప్పది యేండ్లు వెనుకకు, లండనునకు పోవలెను.

ఇంపీరియల్ కళాశాలలో భౌతికశాస్త్రము బోధించిన డేవిడ్ పాటర్ అనునతడు 1980లో సయాన్ అను చిన్న కంపెనీని స్థాపించెను. తొలుత సింక్లెయిర్ కంప్యూటరులకు ఆటలు వ్రాసి పొట్టపోసికొనిన ఆ కంపెనీ, 1984లో ఆర్గనైజర్ అను చేతికంప్యూటరును, 1991లో కండ్లజోడు పెట్టెవలె తెరచుకొను సిరీస్ 3 అను దానిని విపణికి తెచ్చెను. ఆ సిరీస్ 3 నడుచుటకు కావలసినది టార్చిలైటులో వేసికొను పెన్సిలు సెల్లులు రెండు. దాని జ్ఞాపకశక్తి ఆరంభమున 256 కిలోబైట్లకు మించదు. నేడు మనము పండుగనాడు ఒకరికొకరము పంపుకొను గులాబిపూవు బొమ్మ యొక్కటియే అంతకంటె ఎక్కువ చోటు తినివేయును. ఆ రెండు సెల్లులతో వారములతరబడి నడువవలెను. ఎవ్వరును దానిని ఆపి మరల వెలిగింపరు గనుక, నెలలతరబడి ఒక్క చెంచాడు మెమరీ కూడ కారిపోకుండ చూచుకొనవలెను. సెల్లు హఠాత్తుగా చచ్చినను యజమాని వ్రాసికొన్న చిరునామాలు చావరాదు. ఎపాక్ అను ఆపరేటింగ్ సిస్టమ్ ఈ దారిద్ర్యములో పుట్టి, ఈ దారిద్ర్యములోనే శీలము నేర్చుకొనినది. 1994లో దానిని సి ప్లస్ ప్లస్ భాషలో మొదటినుండి తిరుగవ్రాయ నారంభించి, 1997లో సిరీస్ 5తో విడుదల చేసిరి. సింబియన్ అనునది ఆ ఎపాక్‌నకు తరువాత పెట్టిన పేరే.

ఆ శీలమెట్టిదో కొంచెము వివరింపక తప్పదు. ఏలయన, తరువాత జరిగిన కథయంతయు దానిలోనే బీజరూపమున నున్నది. మన యిండ్లలో పెండ్లి వచ్చినప్పుడు ఇరుగుపొరుగుల నుండి గుండిగలు, గంగాళములు, గరిటెలు తెచ్చుట కలదు. తెచ్చిన ప్రతి పాత్రను ఒక పెద్దమనిషి చీటీపై వ్రాసి పెట్టుకొనును. పెండ్లి సవ్యముగా జరిగిన సరియే. నడుమ ఏ గొడవ వచ్చియో పీటలమీద ఆగిపోయినను, ఆ చీటీని పట్టుకొని ఎవరి గుండిగ వారికి చేర్చవచ్చును. సింబియనులో దీనినే క్లీనప్ స్టాక్ అందురు. ప్రోగ్రాము మెమరీని అరువు తెచ్చిన వెంటనే ఆ చీటీలో నమోదు చేయవలెను. పని నడుమ విరిగినచో వ్యవస్థయే ఆ చీటీని చదివి ఇయ్యవలసినది ఇచ్చివేయును. పని నడుమ విరుగుటకు వారు పెట్టిన పేరు లీవ్. సి ప్లస్ ప్లస్ భాషలో ఇందుకై ఏర్పడిన సాధనములు అప్పటికి కుదురుకొనలేదు గనుక, ఈ ఏర్పాటును సయాన్ వారే స్వయముగా నిర్మించుకొనిరి.

ఇంతటితో ఊరుకొనలేదు. నడుమ విరుగుటకు అవకాశమున్న ప్రతి ఫంక్షను పేరు చివరను ఎల్ అక్షరముండవలెను. చీటీకెక్కించి మరీ వచ్చుదానికి ఎల్‌సి యుండవలెను. క్లాసు పేరునకు ముందు దాని జాతిని బట్టి సి యనియో, టి యనియో, ఆర్ యనియో, ఎమ్ యనియో ఉపసర్గ చేరవలెను. సామాన్యమైన అక్షరమాలికను దాచుకొనుటకు సైతము డిస్క్రిప్టరులని అరడజనుకు పైబడిన పాత్రలు గలవు. ప్రతి పాత్రకును ఎంత పట్టును, ఎంత నిండినది యను కొలత వెంటనుండును గనుక పొర్లిపోవుట యుండదు. గాని ఏ పాత్రను ఎప్పుడు వాడవలెనో నేర్చుకొనుటకు క్రొత్తవానికి నెలలు పట్టును. అనేక కార్యములను ఏకకాలమున నడుపుటకు వేర్వేరు త్రెడ్లను పెట్టుకొనుట దుబారాయని, ఒకే గుమాస్తా పిలిచినవారి పిలుపు నందుకొనుచు అందరి పనులు చక్కబెట్టునట్లు యాక్టివ్ ఆబ్జెక్టులను ఏర్పరచిరి. ఇది యంతయు చూచినప్పుడు నాకు చిన్నయసూరి బాలవ్యాకరణము స్ఫురించును: ఒక్క మాట అధికముగా లేదు, ఒక్క సూత్రము వ్యర్థము కాదు, నేర్చినవానికి దానిమించిన అందము లేదు; నేర్వబూనినవాడు మాత్రము మొదటి పరిచ్ఛేదము దాటకముందే పుస్తకము మూయును. గ్రాంథికపు చాయలో వ్రాయుచున్న నేనే ఈ మాట అనుట చోద్యముగా నుండవచ్చును గాని, అనుభవమున్నవాడే కదా చెప్పవలసినది!

1998 జూన్ 24వ తేదీన సయాన్, నోకియా, ఎరిక్సన్ కలిసి సింబియన్ అను సంస్థను నెలకొల్పినవి. మోటరోలా వారితో చేరినది, తరువాత జపానునుండి మాత్సుషిత వచ్చినది. ఫోనులు చేయువారందరు ఒకరి గొంతు నొకరు పట్టుకొని పోటీపడుచుండియు ఈ ఒక్క విషయమున చేతులు కలుపుటకు కారణము, కంప్యూటరుల లోకమున మైక్రోసాఫ్టునకు దక్కిన ఏకచ్ఛత్రాధిపత్యము ఫోనులలో గూడ దక్కునేమో యను భయము. భయము కూర్చిన పొత్తు ప్రేమ కూర్చిన పొత్తుకంటె ఎక్కువ కాలము నిలుచుననుటకు నిదర్శనములు లేకపోలేదు. ఇదియు పదేండ్లు నిలిచినది. 2000లో ఎరిక్సన్ ఆర్380, తరువాత నోకియా 9210 కమ్యూనికేటరు, 2002లో కెమెరాతో గూడిన నోకియా 7650 వచ్చినవి. అయితే పొత్తులో ప్రతివాడును తన ఇంటి ముంగిలి తనకు నచ్చినట్లు అలికించుకొనెను. పునాది ఒక్కటే, నోకియా దానిపై ఎస్60 అను ముఖమును తొడిగినది, సోనీ ఎరిక్సన్ యూఐక్యూను తొడిగినది, జపానులో డోకొమో ఫోనులు మోవాప్ అనుదానిని తొడిగినవి. ఒకదానికి వ్రాసిన ప్రోగ్రాము వేరొకదానిపై నడువదు. 2003లో మోటరోలా పొత్తునుండి తప్పుకొనినది; మరుసటి యేడు సయాన్ సైతము తన వాటాను అమ్మివేయగా, నోకియా వాటా 47.9 శాతమునకు పెరిగినది.

మన సంగతికి వత్తము. హైదరాబాదు ఆబిడ్స్‌లోని జగదీశ్ మార్కెట్టులో ఆ దినములలో సింబియన్ ఫోను అనగా పాటలు, ఆటలు, నిఘంటువులు బ్లూటూతుమీదను మెమరీ కార్డుమీదను ఎక్కించుకొనదగిన ఫోనని అర్థము. ఎస్ఐఎస్ అను తోకతో ముగియు ఫైళ్లను చేతినుండి చేతికి పంపుకొనుట ఒక వినోదముగా నుండెను. ఇట్లుండగా 2004 జూన్‌లో కాబిర్ అను పురుగు బయలుదేరినది. ఫోనులకు పట్టిన పురుగులలో అదియే మొదటిది. బ్లూటూతు తెరచియున్న ఫోనును వాసనపట్టి, తన్ను తాను అందులోనికి పంపుకొనును. యజమాని సరేయన్ననే లోనికి వచ్చును గాని, అడుగుట మానదు. 2005లో హెల్సింకి నగరమున ప్రపంచ అథ్లెటిక్ పోటీలు జరిగినప్పుడు స్టేడియమున గుమికూడిన జనుల ఫోనులలో అది చెలరేగినది. నోకియా పుట్టినింటనే ఇట్లు జరుగుట విధివిలాసము.

ఈ బెడదకు ప్రతిక్రియగా సింబియన్ 9వ వర్షనులో కట్టుదిట్టమైన కాపలా పెట్టిరి. ఫోనులో ఎక్కవలసిన ప్రోగ్రామునకు ఏ యే గదులలోనికి ప్రవేశము కలదో ముందుగా వ్రాయించుకొని సంతకము పొందవలెను. మిక్కిలి లోపలి గదులకు ఫోను చేసిన కంపెనీయే అనుమతింపవలెను. రక్షణ నిజముగా బలపడినది. పాత ప్రోగ్రాములు క్రొత్త ఫోనులలో నడువకుండపోయినవి. నా తరువాతి ఫోనులో ఒక తెలుగు పంచాంగపు ప్రోగ్రాము ఎక్కింపబూనగా, సర్టిఫికెటు గడువు తీరినదని త్రోసిపుచ్చినది. జగదీశ్ మార్కెట్టులో అద్దాల బల్లవెనుక కూర్చున్న ఇరువదియేండ్ల కుఱ్ఱవాడు ఫోనును ఒక్క నిమిషము త్రిప్పి చూచి, "సార్, తారీకు ఓ ఏడాది ఎన్కకు పెట్టుండ్రి, గప్పుడు ఎక్కుతది" అనెను. పెట్టితిని, ఎక్కినది. పంచాంగమును ఎక్కించుటకు కాలమునే వెనుకకు త్రిప్పవలసివచ్చుట ఏ జ్యోతిష్కునికిని తట్టని ఉపాయము.

తెలుగు మాట వచ్చినది గనుక ఒక్కటి చెప్పి ముందుకు పోయెదను. నా చేతనున్న ఫోనులో తెలుగు అక్షరములు వరుసగా ఖాళీ పెట్టెలై కనబడుచుండెను. ఒపెరా మినీ అను బ్రౌజరులో అడ్రసు వ్రాయుచోట ఒక గుప్తపదము వ్రాసి, లోపలి పట్టికలో సంక్లిష్టలిపులను బొమ్మలుగా చూపవలెనను చోట అవునని దిద్దినచో, ఒపెరా వారి సర్వరు తెలుగు పుటను బొమ్మగా చిత్రించి పంపుచుండెను. ఒత్తులును గుణింతములును చెక్కుచెదరకుండ, కొంచెము మసకగా, తాటాకుపై గంటముతో గీసినట్లు దిగివచ్చు ఆ అక్షరములను బస్సులో నిలుచుండి చదువుకొనిన తెలుగువారు లక్షలుగా నుందురని నా యూహ. ఫోనులో మన లిపి లేదు. మన లిపి ఫోటో యున్నది. ఉన్నదానితో సరిపెట్టుకొనుట మనకు క్రొత్త కాదు.

2007 జనవరిలో ఆపిల్ కంపెనీ ఐఫోనును ప్రదర్శించినది. అదే యేడు నోకియా ఎన్95 వెలువడినది: అయిదు మెగాపిక్సెళ్ల కెమెరా, జీపీఎస్, మూడవ తరపు ఇంటర్నెట్టు, సమస్తమును కలదు, ఐఫోనునకు ఆనాడు వీనిలో పెక్కు లేవు. గుణముల పట్టిక వ్రాసినచో ఎన్95దే గెలుపు. కాని వేలితో తాకి నడుపుట పట్టికలో వ్రాయదగిన గుణము కాదు. అంతకంటె లోతైన మార్పు వేరొకటి కలదు: మెమరీ చౌకయైనది. పెన్సిలు సెల్లుల కాలమున ప్రాణరక్షణయైన పొదుపు, ఇప్పుడు సంపన్నగృహమున పాతకాలపు అత్తగారు దీపము వత్తి తగ్గించుచు తిరుగుటవలె నైనది. సింబియనులో నెలరోజులు పట్టు పనిని క్రొత్త ఫోనులలో వారము దినములలో ముగించుకొనగలిగిన ప్రోగ్రామరు ఏ గడపకు పోవునో వేరుగ చెప్పనక్కరలేదు.

2008 జూన్ 24న, అనగా పొత్తు పుట్టిన తేదీకి సరిగా పదేండ్లకు, మిగిలిన వాటాలను 26 కోట్ల 40 లక్షల యూరోలకు కొనివేయుచున్నామని నోకియా ప్రకటించినది. కొనినదానిని తానే యుంచుకొనక, సింబియన్ ఫౌండేషన్ అను లాభాపేక్షలేని సంస్థకు అప్పగించి, ఎస్60, యూఐక్యూ, మోవాప్ ముఖములను ఒక్కటి చేసి, కోడును క్రమక్రమముగా ఓపెన్ సోర్సు చేయుదుమనెను. అంతకుముందు ప్రతి ఫోనుపైనను కొన్ని డాలర్లు రాయల్టీగా చెల్లింపవలసిన సరకు అది. గూగులువారు ఆండ్రాయిడును ఉచితముగా ఇచ్చుటకు సిద్ధపడగా, అమ్ముడు దుకాణము ప్రక్కన అన్నదానము మొదలైనట్లయినది. ఔదార్యమున ఒక పాలును, గత్యంతరములేమి ఒక పాలును కలిసిన నిర్ణయమిది. నేనైతే రెండవ పాలే పెద్దదందును.

ఏమైనను పని చిత్తశుద్ధితోనే జరిగినది. అనేక కంపెనీల హక్కులు చిక్కువడియున్న కోడును పంక్తి పంక్తి పరిశీలించి, పరులదానిని వేరుచేసి, 108 ప్యాకేజీలుగా విభజించి, ఎక్లిప్స్ పబ్లిక్ లైసెన్సు క్రింద, చెప్పిన గడువుకంటె నాలుగు నెలలు ముందే విడుదల చేసిరి. అప్పటికి సింబియనుతో అమ్ముడైన ఫోనులు 33 కోట్లకు పైబడినవి. తలుపు తెరచిరి. లోనికి తొంగిచూచినవారికి కనబడినదేమి? నాలుగు కోట్ల పంక్తుల బాలవ్యాకరణము. దానిని ఫోనుకు తగినట్లు కూర్చుటకు కావలసిన కంపైలరు ఆర్మ్ కంపెనీవారు వెలకమ్ము సరకు. ఆ మెట్టులన్నియు ఎక్కి మార్పు చేసినను, ఆ మార్చినదానిని తన సొంత ఫోనులో వేసికొని చూచుకొనుటకు వీలులేదు. కాబిర్ భయమున పెట్టిన కాపలావాడు ద్వారమున నిలిచియే యున్నాడు. పుస్తకము చదువనిచ్చి, పలక ఇవ్వని బడి యిది. లైసెన్సును విడిచిపెట్టినంతమాత్రమున ఒక సాఫ్టువేరు నలుగురిది కాదు. లినక్సు మొదలు చిన్నదిగా పుట్టి, వచ్చినవారి చేతులమీద పెరిగినది గనుక దానిలో ప్రతివానికిని తాను పాతిన స్తంభమొకటి కనబడును. సింబియన్ రాజసౌధమును కట్టి, మేస్త్రీలను పంపివేసి, తరువాత ఊరివారిని రండని పిలిచినది.

ఊరివారి మాట యటుంచి, ఇంటివారే వెడలిపోవ నారంభించిరి. 2010 శరత్తులో సోనీ ఎరిక్సన్ తప్పుకొనినది, శామ్‌సంగ్ తప్పుకొనినది. ఆ సెప్టెంబరులోనే మైక్రోసాఫ్టునుండి వచ్చిన స్టీఫెన్ ఈలాప్ నోకియా పగ్గములు చేపట్టెను. నవంబరు 8న సింబియన్ పెంపకము తిరిగి నోకియా చేతికే పోవునని ప్రకటించిరి. డిసెంబరు 17న ఫౌండేషన్ తన కోడును పంచిపెట్టు వాకిళ్లను మూసివేసినది. 2011 ఫిబ్రవరి 11న లండనులో ఈలాపును మైక్రోసాఫ్టు అధినేత స్టీవ్ బామరును ఒకే వేదికపై నిలిచి, ఇకపై నోకియా ముఖ్యమైన ఫోనులు విండోస్ ఫోనుపై నడుచునని చెప్పిరి. ఎవరి ఆధిపత్యమును తప్పించుకొనుటకై పదమూడేండ్ల క్రిందట ఈ పొత్తు పుట్టినదో, వారి గుమ్మముననే కథ ముగిసినది. ఆ వసంతమున నోకియా కోడు నొకమారు మరల బయటపెట్టి, ఇది ఓపెన్ సోర్సు కాదు, వ్యాపార భాగస్వాములకు మాత్రమేయని వివరణ ఇచ్చినది. లండను, బెంగుళూరు మొదలగు పట్టణములలో సింబియన్ పని చేసికొని బ్రదుకుచున్న రెండువేలకు పైబడిన ఇంజనీర్లను ఆ యేడే యాక్సెంచర్ కంపెనీకి అప్పగించిరి.

దీపము చివరకు ఒకమారు పెద్దదిగా వెలిగినది. 2012లో వచ్చిన నోకియా 808 ప్యూర్‌వ్యూ కెమెరా 41 మెగాపిక్సెళ్లది. అప్పటి ఫోనులలో దానికి సాటి లేదు. పదేండ్ల క్రిందట 7650లో తపాలాబిళ్లవంటి మసకబొమ్మలు తీసిన వ్యవస్థయే దీనిని నడిపినది. అదియే కడపటి సింబియన్ ఫోనని 2013 జనవరి 24న నోకియా చెప్పినది. 2014 జనవరి 1 తరువాత క్రొత్త ప్రోగ్రాములను స్వీకరించుట మానివేసినది. సయాన్ కాలమునుండియు దీనితో నడిచిన డేవిడ్ వుడ్ ఆ యేడే ఈ ఉత్థానపతనములపై ఒక పెద్ద గ్రంథము వ్రాసెను; తప్పులను దాచక చెప్పిన పుస్తకములు సాఫ్టువేరు రంగమున అరుదు గనుక, ఓపికగలవారికి దానిని సూచించుచున్నాను.

ఫౌండేషన్ పోయినను అది ఇచ్చిన లైసెన్సు పోలేదు. 2010లో విడుదలచేసిన ఆ 108 ప్యాకేజీలను వెనుకకు తీసికొను హక్కు ఎవ్వరికిని లేదు. మూసివేతకు ముందు ప్రతులు తీసికొనినవారు వానిని గిట్‌హబ్‌లో నిలిపియున్నారు. మీరు ఈ సాయంకాలమే దింపుకొనవచ్చును. ఈకేఏ2ఎల్1 అను ఎమ్యులేటరును కొందరు ఔత్సాహికులు నిర్మించి, పాత సింబియన్ ఆటలను నేటి కంప్యూటరులపైనను, ఏది సింబియనును కూలద్రోసెనో ఆ ఆండ్రాయిడు ఫోనులపైనను ఆడించుచున్నారు. దాని పేరులోని ఈకేఏ2 సింబియన్ కెర్నెలు పేరే.

నా 6600 మాట మిగిలినది. దానిలో వాడు బీఎల్-5సీ బ్యాటరీలలో ఒక తరగతి, అనగా 4 కోట్ల 60 లక్షలు, ఛార్జింగు పెట్టినప్పుడు వేడెక్కవచ్చునని 2007 ఆగస్టులో నోకియా హెచ్చరింపగా మన దేశమున కలిగిన కలవరము పెద్దలకు జ్ఞాపకముండును. మీ సొరుగులలోని పాత ఫోనుల బ్యాటరీలు ఉబ్బియున్నచో పిల్లలకు అందనీయక తీసి, ఎలక్ట్రానిక్ వ్యర్థములు సేకరించువారికి ఒప్పగింపుడు. నాది ఉబ్బినది, తీసివేసితిని. ఆ బ్యాటరీ చిన్న రేడియోలలో నేటికిని వాడుచుందురు గనుక మా వీధి మొబైలు దుకాణమున క్రొత్తది సులభముగానే దొరకినది. నిన్న రాత్రి వేసి, మీట నొక్కి పట్టితిని. తెర వెలిగినది, చేతులు రెండును కలిసినవి, పిదప ఫోను తారీకు అడిగినది. ఈమారు సరియైనదే వ్రాసితిని.